ఇటు పనుండి వచ్చానండి

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు తిరగేస్తుంటే ఫోను మోగింది. చూస్తే మనుషులెవరూ కాదు, క్యాలెండరు. "ఎల్లుండి అత్తయ్యగారి కన్ను" అని కనిపించింది. ఆ కబురు ఎవరెవరికి వెళ్ళిందో కింద పేర్లు చూపిస్తుంది. నా పేరు, మా ఆవిడ పేరు, మా బావమరిది పేరు, వాటి కింద మా మామగారి పేరు. ఆయన పేరు పక్కన, వస్తున్నట్టు ఆకుపచ్చ టిక్కు.

మామగారు పోయి ఏడాది దాటింది. ఎప్పుడో ఒకసారి "వస్తాను" అని నొక్కిన పాపానికి, ఫోను లెక్క ప్రకారం ఆయన ఇప్పటికీ అత్తయ్యగారిని వెంటబెట్టుకుని కంటాసుపత్రికి వస్తూనే ఉన్నారు. ఆ పేరు తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. వేలు పెడితే "తొలగించమంటారా?" అని అడుగుతుంది. అది అడిగే తీరు నాకు నచ్చదు. ఫోను పక్కన పడేసి ఊరుకుంటాను.

మేముండేది రాజమండ్రి దానవాయిపేటలో. నేనొక ప్రైవేటు కంపెనీలో జమాఖర్చులు చూస్తాను. ఫోన్ల గురించి ప్రత్యేకంగా చదువుకున్నదేం లేదు గానీ, మా రెండు వైపుల బంధువుల్లో ఎవరి ఫోను మొరాయించినా చివరికి నా ఒళ్ళోనే వచ్చి పడుతుంది. నాకేమో ముక్కు మీద కోపం. "ఏం నొక్కారు?" అని అడిగితే "ఏమీ నొక్కలేదు, దానంతటదే అయింది" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మామగారి దగ్గర మాత్రం ఆ కోపం చెల్లేది కాదు. కోపం రావడానికి కావలసిన సందు ఆయన ఎదుటివాడికి ఇచ్చేవారు కాదు.

గోదావరి జిల్లాల మర్యాదల మీద పై జిల్లాల వాళ్ళు వేళాకోళాలాడతారు కదా. అవన్నీ నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది ఆయన్ని చూశాకే. ఆయన కుర్చీలో పూర్తిగా కూర్చోగా నేను చూసిందే లేదు. అంచు మీద కూర్చునేవారు, నేను గదిలోకి వస్తే చప్పున లేవడానికి వీలుగా. అంత పెద్దాయన నన్ను చూసి లేచి నిలబడటమేంటని మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. కూర్చోండి మామయ్యగారూ అంటే, మీరు కూర్చోండి అల్లుడుగారూ అనేవారు. ఆయన కూర్చోరు కనక నేనూ కూర్చోను. రెండు కుర్చీలూ ఖాళీగా పెట్టుకుని గోడకి చేరగిలబడి మాట్లాడుకున్న రోజులున్నాయి. మా ఆవిడ వచ్చి ఇద్దరినీ తిట్టి కూర్చోబెట్టేది.

కాఫీ సంగతీ అంతే. మొదటిసారి అడిగితే వద్దండీ అనేవారు. రెండోసారి అడిగితే ఇప్పుడే తాగి వచ్చానండీ అనేవారు. మూడోసారి అడిగితే, మీరంతగా చెబుతున్నారు కనక సగం గ్లాసు పుచ్చుకుంటానండీ అనేవారు. ఆ సగం గ్లాసుని మేం నిండు గ్లాసు తాగేసేదాకా తాగుతూ ఉండేవారు, తన గ్లాసు ముందే ఖాళీ అయిపోతే మళ్ళీ పొయ్యాలేమోనని మా ఆవిడ ఇబ్బంది పడుతుందని.

ఫోను పట్టుకున్నా ఆయన ఆయనే. రుమాల్లో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవారు. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే రెండు చేతులతో తాంబూలం ఇచ్చినట్టు ఇచ్చేవారు. ఎవరు చేశారో చూడకుండానే ముందు "నమస్కారమండీ" అనేవారు. అప్పులిస్తామనీ, స్థలాలమ్ముతామనీ రికార్డు చేసిన గొంతులు వస్తాయి చూడండి, వాటికి కూడా "ఇప్పుడు అవసరం లేదమ్మా, మరోలా అనుకోకు" అని చెప్పి, ఆ అమ్మాయి మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు పెట్టేసేవారు. అది మనిషి కాదండీ, రికార్డు అని ఓసారి చెప్పాను. "అలాగాండీ," అన్నారు శ్రద్ధగా విని. "ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకమ్మాయి మాట్లాడిందే కదండీ." 

ఇంకో అలవాటు, తెరిచి ఉన్నదాన్ని మూసెయ్యడం. ఆయనది రావులపాలెం దాటాక కాలవ వెంబడి వెళితే వచ్చే పల్లె. వరి చేలూ, కాస్త కొబ్బరీ. అక్కడ కాలవ నీళ్ళు వంతుల వారీగా వస్తాయి. నీ వంతు రాగానే చేలోకి తూము తెరుచుకోవాలి, తడి కాగానే మూసెయ్యాలి. మూయకపోతే కింద పొలం వాడి నోట్లో మట్టి కొట్టినట్టు. జీవితమంతా ఆ పని చేసిన చెయ్యి ఊరుకోదు. మా ఇంటికొస్తే ఎవరూ లేని గదిలో ఫ్యాను కట్టేసేవారు, కుళాయి బిగించేవారు, వరండాలో లైటు ఆర్పేసేవారు. స్నానం చేసి వచ్చేసరికి నా గదిలో ఫ్యాను ఆగి ఉందంటే మామగారు ఆ దారిన నడిచారని అర్థం.

అత్తయ్యగారికి షుగరు. దానివల్ల కంటి వెనక ఏదో పొర వాచింది. ఎడమ కన్ను చూపు పోయిందన్న సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఒక కన్ను కనిపిస్తోంది కదా, ఇంట్లో వాళ్ళని కంగారు పెట్టడమెందుకని ఊరుకున్నారు. ఇద్దరికీ ఇద్దరే. కుడి కన్ను కూడా మసకలు కమ్మడం మొదలయ్యాక రాజమండ్రి తీసుకొచ్చారు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఎడమ కన్ను ఇక రాదు, కుడి కన్నుకి నెలనెలా కంట్లోనే ఇంజక్షన్ పడాలి, చెప్పిన రోజున పడాలి, ఆలస్యం చేస్తే పోయిన చూపు మళ్ళీ రాదు అని ఖచ్చితంగా చెప్పింది. ఆ ఒక్క కన్నుతోనే ఆవిడ బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుకోవాలి, పూలు గుచ్చుకోవాలి, మనవల ముఖాలు చూసుకోవాలి.

బావమరిది చేపల చెరువులు చూసుకుంటాడు, అతనికి ఊపిరి సలపదు. తీసుకురావడం మామగారి పని. ఆసుపత్రివాళ్ళ దగ్గర నా నంబరు ఇచ్చాం కనక తేదీలు నాకు చెబుతారు. ఇంకేం, నాకు ఉత్సాహం వచ్చేసింది. ఆ ఆసుపత్రి వరండాలోనే కూర్చుని అందరి ఫోన్లలోనూ ఒకే క్యాలెండరు కలిపాను. నేను ఇక్కడ తేదీ వేస్తే అక్కడ మీ ఫోన్లో పడుతుందండీ, రెండు రోజుల ముందే మోగి మరీ గుర్తు చేస్తుందండీ, కాగితాలక్కర్లేదు, కబుర్లక్కర్లేదు అని ఉపన్యాసం ఇచ్చాను. మామగారు లేచి నిలబడి విన్నారు. మొదటి కబురు మోగగానే "వస్తాను" అన్నచోట ఎలా నొక్కాలో చూపిస్తే ఒత్తి నొక్కారు. "బ్రహ్మాండమండీ," అన్నారు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి రావడం ఎక్కువైంది. ఇంజక్షన్ రోజున ఎలాగూ వస్తారు. అది కాక మధ్యలో ఇంకోసారి, ఒక్కరే. రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో దిగి ఆటో ఎక్కకుండా నడిచి, చేతిలో బరువైన సంచీతో గుమ్మంలో నిలబడేవారు. సంచీలో కందదుంపో, పనసపొట్టో, లేత బొండాలో. "ఇటు పనుండి వచ్చానండి," అనేవారు. ఓసారి మోటారుకి ఏదో సామాను కావాలనేవారు, ఓసారి విత్తనాల కొట్టులో పనుందనేవారు. ఆ సామాను ఎప్పుడూ చేతిలో కనిపించేది కాదు. దొరకలేదండీ అనేవారు. ఇంత రాజమండ్రిలో ఆయనకు కావలసింది ఒక్కటీ దొరకదేంటా అనుకునేవాణ్ణి గానీ, ఆ పనసపొట్టు కూర తింటూ లోతుగా ఆలోచించలేదు. వచ్చినప్పుడల్లా క్యాలెండరు ఎలా ఉందండీ అని అడిగేవాణ్ణి. దివ్యంగా పనిచేస్తోందండీ అనేవారు. నా ఛాతీ కాస్త పొంగేది.

ఒక నెలలో డాక్టరమ్మ ఊరెళుతోందని ఇంజక్షన్ వారం ముందుకి జరిపారు. ఆసుపత్రి నుంచి నాకు ఫోను వచ్చింది. నేను క్యాలెండర్లో తేదీ మార్చి, పనైపోయిందనుకుని మళ్ళీ లెక్కల్లో పడ్డాను. ఆ రోజు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళితే వీళ్ళ జాడ లేదు. పేరు పిలిచారు, మళ్ళీ పిలిచారు. మామగారి ఫోనుకి చేస్తే అత్తయ్యగారు తీశారు. ఆయన చేలో ఉన్నారట. ఇవాళ కన్ను కదండీ అన్నాను.  "వచ్చే వారం కదండీ," అన్నారావిడ మెల్లగా.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. డాక్టరమ్మ ప్రయాణం మధ్యాహ్నం, అందుకని బతికిపోయాం. ఆవిడ కన్ను చూసి, ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసా, ఉన్నది ఒక్క కన్ను, అదీ నిర్లక్ష్యమేనా అని గట్టిగానే చీవాట్లు పెట్టింది. కూతురు వయసు పిల్ల. మామగారు చేతులు కట్టుకుని అన్నీ విన్నారు. "తప్పు నాదేనమ్మా. తేదీ నేనే మరిచిపోయాను," అన్నారు.

నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఆయన మరిచిపోయే మనిషి కాదు. ఏ కరువు ఏట ఎవరి తూముకి ఏ వారం నీళ్ళొచ్చాయో చెప్పగలిగిన మనిషి భార్య కంటి తేదీ మరిచిపోతారా?

అత్తయ్యగారిని కంటికి గంత కట్టి మా ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాం. అప్పుడు నేను మామగారి ఫోను అడిగాను. రుమాలు విప్పి రెండు చేతులతో ఇచ్చారు.

"తేదీ మారినట్టు ఇందులో కబురు రాలేదాండీ?"

"ఫోను బ్రహ్మాండంగా ఉందండి అల్లుడుగారూ."

"ఫోను సంగతి కాదండీ, కబురు వచ్చిందా అని."

"మీరు పెట్టి ఇచ్చిందే కదండీ, రాకుండా ఎలా ఉంటుంది?"

ఇంకెవరైనా అయితే ఈ పాటికి నేను అరిచి ఉండేవాణ్ణి. పళ్ళు బిగబట్టి ఫోను తెరిచాను. డేటా కట్టేసి ఉంది. అది తెరిచాను. గులాబీ పూల మీద శుభోదయాలు వరసగా దిగడం మొదలెట్టాయి, వాటితో ఫోను నిండిపోయింది. కొన్ని తీసేశాను. క్యాలెండరు తెరిస్తే ఖాళీ. నేను ఆసుపత్రి వరండాలో వేసిన ఆ మొదటి తేదీ తప్ప, తర్వాత నెలలన్నీ తెల్లగా ఉన్నాయి. మూసి తెరిచాను. ఫోను ఆపి మళ్ళీ వేశాను. ఖాతా సరిగ్గానే ఉంది. ఎక్కడుందిరా లోపం అని సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే తల తిరిగింది. ఆ ఫోన్లో ఉన్న స్విచ్చులన్నీ, ఒక్కటి మిగలకుండా, కట్టేసి ఉన్నాయి. క్యాలెండరుని బయటి లోకంతో కలిపే సింకు స్విచ్చుతో సహా.

ఇవన్నీ ఎవరు కట్టేశారండీ అని అడిగాను. నేనేనండి అన్నారు ఏమాత్రం తడుముకోకుండా. క్యాలెండరు కలిపిన రోజే ఊళ్ళో తీరిగ్గా కూర్చుని చూశారట. ఒక్కోటీ ఆకుపచ్చగా తెరిచి ఉందట. "వాడకం లేనప్పుడు తూము తెరిచి ఉంచకూడదు కదండీ," అన్నారు. "ఎంత పోతోందో, ఎవరిది పోతోందో."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సింకు స్విచ్చు జరిపాను. చిన్న సున్నా గిర్రున తిరిగింది. తర్వాత ఫోను మోగడం మొదలెట్టింది. ఇన్ని నెలలుగా నేను వేసిన తేదీలు, మార్చిన తేదీలు, గుర్తుచేసే కబుర్లు అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. మామగారు కుర్చీ అంచు మీంచి లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ మీరు పిలుస్తూనే ఉన్నారన్నమాట," అన్నారు.

అని ఊరుకోలేదు. తెర మీద ఒక్కో పాత కబురూ చదివి, దానికి జవాబు చెప్పారు. "వచ్చామండీ. ఆ రోజూ వచ్చామండీ. ఇదీ వచ్చామండీ." నిన్నటి తేదీ దగ్గరికి వచ్చేసరికి కండువాతో ముఖం తుడుచుకుని కిటికీ వైపు తిరిగారు. లోపలి గదిలో అత్తయ్యగారు పడుకునే ఉన్నారు, నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది.

అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. పనిచేయట్లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ అన్నాను. ఆయన నా వైపు తిరిగి, నేనేదో పసివాణ్ణి అయినట్టు మెత్తగా చెప్పారు. "మీరు పని మానుకుని, కింద కూర్చుని, అంత శ్రద్ధగా పెట్టి ఇచ్చిన వస్తువండీ. పనిచేయట్లేదని మీ మొహాన ఎలా అంటామండీ?"

మరి ఇన్ని నెలలు తేదీలు ఎలా తెలిశాయి? ఆ ప్రశ్న నా నోట్లో ఉండగానే వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ తండ్రిని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు నాకూ వెలిగింది. మోటారు సామాను లేదు, విత్తనాలూ లేవు. ఆయన బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి, కౌంటరు దగ్గర నిలబడి ఈసారి తేదీ ఎప్పుడమ్మా అని కనుక్కుని, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చేవారు. ఊరికే వెళ్ళిపోతే బాగుండదని సంచీ. ఫోను చేసి నన్నడిగితే క్యాలెండరు పనిచేయట్లేదని తెలిసిపోతుంది. కూతుర్నడిగితే కూతురు నాకు చెప్పేస్తుంది. అందుకని, నాకు చిన్నతనం కాకుండా, ప్రతి నెలా గోదావరి దాటి వచ్చి వెళ్ళారు.

సరే, క్యాలెండరు బాగుపడింది. తేదీలు టంచనుగా చేరాయి. కబురు మోగినప్పుడల్లా ఆయన చేస్తున్న పని ఆపి "అలాగేనండీ" అని ఫోనుకి జవాబు చెబుతున్నారనీ, అత్తయ్యగారు నవ్వుతున్నారనీ బావమరిది చెప్పాడు. అల్లుడు పిలిస్తే పలక్కుండా ఎలా ఉంటాం అన్నారట. ఇంజక్షన్ రోజున వచ్చేవారు, అది కాగానే ఎండ ముదరకుండా ఆవిణ్ణి బస్సెక్కించి తీసుకుపోయేవారు. మధ్యలో రావడం ఆగిపోయింది. రావలసిన పని లేదు మరి. పని లేకుండా అల్లుడింటికి వచ్చి కూర్చోవడం ఆయన పద్ధతి కాదు.

మొదట గుర్తించింది మా ఆవిడ. నాన్న ఊరికే వచ్చి ఎన్నాళ్ళయిందో అంది.  నేను స్నానం చేసి వచ్చేసరికి నా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంటోంది. వరండాలో లైటు తెల్లవార్లూ వెలుగుతోంది. రెండు కుర్చీల్లోనూ ఎవరూ కూర్చోవడం లేదు. బాగుచేసి చెడగొట్టానా అనిపించింది. ఆయన వస్తే నాకు బాగుంటుంది, అంతే. మా నాన్న పోయాక నన్ను చూసి లేచి నిలబడిన పెద్దవాళ్ళూ, నన్ను చూడగానే ముఖం విప్పారిన పెద్దవాళ్ళూ ఇంకెవరూ లేరు.

ఒక ఆదివారం ఆయనకి ఫోను చేశాను. "మామయ్యగారూ, క్యాలెండరు మళ్ళీ మొరాయిస్తున్నట్టుందండీ. ఇక్కణ్ణుంచి చెయ్యడానికి కుదరదు. ఓసారి ఫోను పట్టుకుని మీరు రావాలి."

 "అవునండీ. నేనూ అనుకుంటున్నాను," అన్నారు.

మర్నాడే దిగారు, సంచీతో. నేను కాస్త నాటకం ఆడదామని ఫోను అందుకున్నాను. ఏవో నొక్కి, అమ్మయ్య బాగయిందండీ అని ఇచ్చేద్దామని నా ఎత్తు. తెరిచి చూస్తే సింకు స్విచ్చు నిజంగానే కట్టేసి ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. అది తెరిచాను. మీరు కనక సరిపోయిందండీ అని ఆయన సగం గ్లాసు కాఫీ పుచ్చుకున్నారు.

ఇలా ఎన్నిసార్లో జరిగింది. నాకు ఆయన్ని చూడాలనిపించినప్పుడల్లా క్యాలెండరు చెడిపోయిందనేవాణ్ణి. నేను అనడం, అది నిజంగానే చెడిపోయి ఉండటం. నా నాలిక మీద మచ్చేమైనా ఉందేమోనని అద్దంలో చూసుకున్నాను కూడా. బ్యాటరీ ఆదా చెయ్యడానికి ఫోనే కట్టేస్తోందేమోనని ఆ సెట్టింగు మార్చాను. కొత్త వెర్షన్ వేశాను. అంతర్జాలంలో ఎవరెవరో రాసిన సలహాలన్నీ చదివాను. ఈమధ్య కబుర్లు వచ్చాయాండీ అని అడిగితే, మొన్నటిదాకా వచ్చాయండీ అనేవారు. ఇంజక్షన్ ఒక్కటీ తప్పలేదు. ఫోను మార్చేద్దామండీ అంటే మాత్రం ఎప్పుడూ లేనంత గట్టిగా వద్దన్నారు. మీ చేతికి అలవాటైన ఫోనండీ, ఇదే ఉండనివ్వండి అన్నారు.

ఆయన చివరిసారి తూము మూసి వచ్చి గట్టు మీద కూర్చున్నారు. అంతే, ఇక లేవలేదు. గుండె. ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టకుండా పోయారని ఊరంతా అన్నారు. పోవడంలో కూడా ఆయన మర్యాద ఆయనదే, ఒక్క నీళ్ళచుక్క గొంతులో పొయ్యనివ్వకుండా వెళ్ళిపోయారని నాకు మాత్రం ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

ఫోను అత్తయ్యగారి దగ్గర ఉండిపోయింది. ఆవిడని తీసుకురావడం ఇప్పుడు బావమరిది చూసుకుంటున్నాడు. అతని ఫోన్లోనూ కబురు మోగుతుంది. నేను ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. అయినా ఇవాళ ఆ ఆకుపచ్చ టిక్కు చూశాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. బావమరిదికి ఫోను చేసి, అత్తయ్యగారి ఫోన్లో క్యాలెండరు సరిగ్గా రావట్లేదనుకుంటా, వచ్చి చూస్తాను అన్నాను. అతను అమ్మా, బావగారు వస్తున్నారంట, క్యాలెండరు చెడిపోయిందంట అని లోపలికి కేకేసి చెప్పడం వినిపించింది.

రావులపాలెంలో బస్సు మారుతూ ఒక అత్తం చక్కెరకేళీలు కొన్నాను. పెరట్లో గెలలు వేలాడే ఇంటికి అరటిపళ్ళు మోసుకెళ్ళానంటే నా తెలివి చూడండి. గుమ్మంలో నిలబడి అత్తయ్యగారికి సంచీ ఇస్తూ, "ఇటు పనుండి వచ్చానండి," అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి సంచీ అందుకున్నారు. మామూలుగా నాతో రెండు మాటలకంటే ఎక్కువ మాట్లాడరు. ఏదైనా ఉంటే కూతురి ద్వారానో, తలుపు చాటునుంచో. ఇవాళ ఎదురుగా ఉన్న కుర్చీలో, అంచు మీద, కూర్చున్నారు. రుమాల్లో చుట్టిన ఫోను రెండు చేతులతో ఇచ్చారు.

తెరిచాను. సింకు స్విచ్చు కట్టేసి ఉంది.

బావమరిది వైపు చూశాను. నేను ముట్టుకోలేదు బావగారూ అని అతను చెరువు మీదికి వెళ్ళిపోయాడు. అత్తయ్యగారు చీర కొంగు సర్దుకున్నారు.

"మీ మామయ్యగారు బస్సు కోటిపల్లి బస్టాండులోకి తిరిగేటప్పుడు కట్టేసేవారండీ," అన్నారు. "దిగే ముందు. నాకు చెప్పేవారు. బాగానే ఉంది కదండీ, ఎందుకు కట్టడం అని అడిగాను. అల్లుడుగారు చెడిపోయిందన్నారు, ఆయన తెరిచి చూస్తే బాగుందనుకో, ఆయన మాట అబద్ధమైపోదూ అన్నారు."

 నేను నాటకం ఆడుతున్నానని ఆయనకి మొదటి రోజునుంచీ తెలుసు. నా అబద్ధాన్ని కూడా నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు సగం గ్లాసు కాఫీ తాగి వెళ్ళేవారు. ఆ సెట్టింగులన్నీ మారుస్తూ, ఆ సలహాలన్నీ చదివి వినిపిస్తూ నేను తంటాలు పడుతుంటే కుర్చీ అంచు మీద కూర్చుని ఎంత శ్రద్ధగా విన్నారో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అత్తయ్యగారి ముందు ఏడవడం ఎలాగని తల వంచుకున్నాను.

"మరి ఇవాళ..." అన్నాను.

"నేనేనండీ."

ఆ స్విచ్చు బియ్యపు గింజంత ఉంటుంది. దాని పక్కన అక్షరాలు అంతకంటే సన్నం. నా కళ్ళకే అద్దాలు కావాలి.

"మీకు కనిపించిందాండీ?"

"కనిపించిందండీ," అన్నారు. "వెలుతుర్లోకి తెచ్చుకుని చూశాను. ఆకుపచ్చ కూడా తెలిసింది."

నేను స్విచ్చు తెరిచాను. ఆవిడ లేచి, మంచినీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి, పప్పులో మామిడికాయ వేశాను, మీరు అది బాగు చేస్తుండగా అన్నం వార్చేస్తాను అన్నారు. ఎంతసేపు పడుతుందండీ అని అడిగారు.

"సాయంత్రం దాకా పట్టేలా ఉందండి అత్తయ్యగారూ," అన్నాను.

అప్పుడే నా చేతిలో ఫోను మోగింది. ఎల్లుండి కన్ను. ఆవిడా విననట్టే వంటింట్లోకి వెళ్ళారు, నేనూ విననట్టే కూర్చున్నాను.